దీపం పట్టినవాళ్లే ప్రమాణం చేయాలా?

నర్సింగ్ కాలేజీలో పిల్లలు వార్డుల్లో అడుగుపెట్టే ముందు ఒకసారి, మూడేళ్ల జీఎన్‌ఎమ్మో నాలుగేళ్ల బీఎస్సీయో పూర్తిచేసి పట్టా అందుకునే రోజున మరోసారి హాల్లో లైట్లు ఆర్పేస్తారు. వేదిక మీద బంతిపూలు చుట్టిన ఇత్తడి కుంది ఉంటుంది. ముఖ్య అతిథి మొదటి వత్తి వెలిగిస్తారు. ఆ మంటను ప్రిన్సిపాల్, ఆవిడ దగ్గర్నుంచి ట్యూటర్లు, వాళ్ల దగ్గర్నుంచి తెల్ల యూనిఫారాల్లో వరసగా నిలబడ్డ పిల్లలు అందుకుంటారు. మైనం కారి వేళ్ల మీద పడకుండా కొవ్వొత్తి కింద కాగితం చుట్టుకుంటారు. (ఇప్పుడు బ్యాటరీ కొవ్వొత్తులు కూడా వచ్చాయి. ప్రమాదం తక్కువే, అందమూ తక్కువే.) ఒక చేతిలో దీపం పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచి, ఒకరు చదువుతుంటే అందరూ గొంతు కలిపి నైటింగేల్ ప్రతిజ్ఞ చేస్తారు. వెనక వరసల్లో కూర్చున్న తల్లులు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. ఆ కన్నీళ్లలో నటన లేదు, ఆ వేడుకను వెక్కిరించాల్సిన పనీ లేదు. నా పేచీ ఒక్కటే. ఆ వేదిక మీద మాట ఇచ్చేది పిల్లలొక్కరే. వాళ్లను తయారుచేసిన కాలేజీ గానీ, రేపు వాళ్లతో పని చేయించుకోబోయే ఆసుపత్రి గానీ ఒక్క మాటా ఇవ్వవు. మన పెళ్లి పందిట్లో 'నాతిచరామి' అనాల్సింది పిల్లనిచ్చేవాళ్లు కాదు, పుచ్చుకునేవాడు. నర్సుల పట్టాభిషేకంలో మాత్రం పుచ్చుకునేవాళ్లు మొదటి వరస సోఫాల్లో కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు.

సంప్రదాయాన్ని ముట్టుకోకూడదు అనేవాళ్లు ముందు దాని పుట్టుక చూడాలి. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1854 నవంబరులో 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ పక్కనున్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. మరుసటి ఫిబ్రవరిలో లండన్‌లోని ఒక సచిత్ర వారపత్రిక, రాత్రిపూట దీపంతో వార్డులో తిరుగుతున్న ఆమె బొమ్మ వేసింది. ఆ తర్వాత అమెరికన్ కవి లాంగ్‌ఫెలో ఆమె మీద పద్యం రాశాడు. దీపధారిణి అన్న పేరు అలా లోకమంతా పాకింది. మన కాలేజీల చిహ్నాల మీద కనిపించే అల్లావుద్దీన్ దీపం మాత్రం ఆమె పట్టింది కాదు. ఆమె చేతిలో ఉన్నది మడతలు పడే కాగితపు టర్కీ లాంతరు. ఆమె పేరుతో చదివే ప్రతిజ్ఞ కూడా ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, హార్పర్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలుకు చెందిన లిస్ట్రా గ్రెటర్, మరికొందరు కలిసి వైద్యుల హిప్పొక్రటిక్ ప్రమాణాన్ని నర్సులకు సరిపోయేలా మలిచారు. నాలుగు దశాబ్దాల తర్వాత 1935లో గ్రెటరే దాన్ని మళ్లీ సవరించింది. తలమీది తెల్ల టోపీ క్రైస్తవ సన్యాసినుల ముసుగు నుంచి వచ్చింది. అది శుభ్రతకు అడ్డమని, మగ నర్సులు కూడా పెరిగారని పాశ్చాత్య దేశాలు 1970, 80లలో దాన్ని వదిలేశాయి. అక్కడ నర్సు పరువేమీ తగ్గలేదు. మన నేల మీదికి ఈ ఆనవాయితీలు ఎక్కువగా మిషన్ ఆసుపత్రుల వెంట వచ్చాయి. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచిన కాలం అది. వచ్చిన ఆనవాయితీని మనం ఉన్నదున్నట్టు ఉంచుకోనూ లేదు. ఇత్తడి కుంది, బంతిపూలు, ప్రార్థనా గీతం మనం చేర్చినవే. ఇన్నిసార్లు మారిన తంతు ఇంకోసారి మారితే కొంప మునగదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ దీపం వెనక ఉన్న మనిషి ఏం చేసిందన్నది. ఏటా మే 12న ఆమె జయంతి సభల్లో వినిపించేవి కరుణ, త్యాగం, నిద్రలేని రాత్రులు. స్కుటారిలో సైనికుల్ని బతికించినది ప్రధానంగా అవి కావు. 1855 తొలి నెలల్లో అక్కడ చావులు భయంకరంగా ఉండేవి. మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్ మురుగు కాలువలు బాగుచేయించి, నీళ్లలో కుళ్లుతున్న జంతు కళేబరాలు తీయించి, గాలి ఆడేలా చేశాక వేసవికల్లా మరణాలు బాగా పడిపోయాయి. గాయాలతో పోయినవాళ్లకంటే నివారించగలిగిన జబ్బులతో పోయినవాళ్లు ఎన్నో రెట్లని ఆమె తర్వాత లెక్కలు తీసి, రంగురంగుల రేఖాచిత్రాలు గీసి, మంత్రుల ముందు పెట్టింది. 1858లో లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమే. భారతదేశంలో ఒక్కసారీ అడుగుపెట్టకపోయినా ఇక్కడి సైనిక బారకాసుల పారిశుధ్యం గురించి, తర్వాత కరువుల గురించి దశాబ్దాలపాటు రాసింది. మన కాటన్ దొరతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపి, కరువుకు మందు గోదావరిలో జరిగినట్టు సాగునీరేనని వాదించింది. ఈవిడ నర్సుకు చెప్పే పాఠం ఒక్కటే: మనిషి మంచితనం చాలదు, ఆసుపత్రి నడిచే తీరు మారాలి. ఆమె పేరుతో చేసే ప్రతిజ్ఞలో సరిగ్గా ఆ ముక్కే లేదు.

ఏముందో చూడండి. శీలంగా బతుకుతాను, హాని చేసే మందు ఇవ్వను, రోగి రహస్యం బయటపెట్టను, నా వృత్తి స్థాయిని పెంచుతాను, నమ్మకంగా వైద్యుడికి తోడ్పడతాను, నా సంరక్షణలో ఉన్నవాళ్ల మేలు కోసం పాటుపడతాను. చాలావరకు మంచి మాటలే. కానీ విధేయత మాట వచ్చేసరికి అది వైద్యుడి వైపు తిరిగింది. 1893లో అది వింత కాదు. అంతర్జాతీయ నర్సుల మండలి కూడా 1953 నాటి తన నియమావళిలో ఇంచుమించు అదే రాసుకుంది. 1973లో దాన్ని తీసేసి, నర్సు మొదటి బాధ్యత సంరక్షణ అవసరమైన మనిషికే అని తిరగరాసింది. అర్ధశతాబ్దం దాటినా మన వేదికల మీద పాత పాఠమే నడుస్తోంది. అత్యవసరంలో డాక్టరు చెప్పింది చేయకుండా వాదన పెట్టుకుంటే రోగి ఏమవుతాడు అని అడగవచ్చు. నిజమే, చెప్పింది వెంటనే చేయాల్సిన క్షణాలు రోజూ వస్తాయి. అయితే కేస్ షీటులో డోసు తప్పుగా పడితే "సార్, ఒక్కసారి చూడండి" అని ఆపాల్సింది కూడా ఆ నర్సే. ప్రమాణం రోజునే చేతులు కట్టుకోవడం నేర్పితే ఆ ఒక్క మాట గొంతు దాటడం కష్టం.

ఇక ఆ పిల్లలు దీపం ఆర్పి వెళ్లే చోటికి వద్దాం. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ప్రతి షిఫ్టుకూ ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. రాత్రిపూట ప్రభుత్వ ఆసుపత్రి వార్డుకో, ఊళ్లో ఉన్న ఓ మోస్తరు నర్సింగ్ హోముకో వెళ్లినవాళ్లకు ఆ అంకె కాగితం దాటలేదని వేరే చెప్పక్కర్లేదు. ఒకరికి సెలైన్ అయిపోవస్తుంది, ఇంకొకరికి బీపీ చూసే టైము, మూలమంచం తాలూకు అటెండెంటు "సిస్టరమ్మా, ఆయాసం ఎక్కువైంది" అని పిలుస్తుంటాడు, ఇవి కాక తెల్లారేలోపు రాయాల్సిన రికార్డు. ఆమెలో కరుణ ఎంత ఉన్నా పంచడానికి నిమిషాలు లేవు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నర్సు మీద ఒక్కో రోగి భారం పెరిగేకొద్దీ ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతుంది. కాలిఫోర్నియా ఈ నిష్పత్తిని ఏకంగా చట్టమే చేసి 2004 నుంచి అమలుచేస్తోంది. జీతాల సంగతి ఇంకోటి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల్లోపు చిన్న ఆసుపత్రి అయినా నెలకు 20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. కేరళ నర్సులు రోడ్డెక్కి పోరాడి 2018లో కనీస వేతన ఉత్తర్వు సాధించుకున్నారు. మిగతా చాలాచోట్ల అది సిఫారసుగానే మిగిలింది.

శుభకార్యంలో ఈ కూలి లెక్కలేమిటి, సేవను బేరంలోకి దించుతున్నారు అనే మాట వస్తుంది. పైకి పెద్దమనిషి తరహాగా వినిపించే ఈ మాటే నాకు అన్నిటికంటే అన్యాయంగా తోస్తుంది. బ్యాంకులోనో తెలిసినవాళ్ల దగ్గరో అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రి ఆ హాల్లోనే కూర్చుని ఉన్నాడు. బేరం ఎప్పుడో మొదలైంది. పైగా వృత్తి స్థాయిని పెంచుతానని ఆ పిల్ల చేసిన ప్రతిజ్ఞలోనే ఉంది. అంతమంది రోగులకు నేనొక్కదాన్నే చాలను అని చెప్పడం ఆ వాక్యాన్ని పాటించడమే. డాక్టర్లూ ప్రమాణం చేస్తారు కదా, వాళ్లకు ఏ ఆసుపత్రీ ఎదురు మాట ఇవ్వదే అనే అభ్యంతరంలో కొంత పస ఉంది. కానీ డాక్టరు సొంతంగా బోర్డు కట్టుకోగలడు, వార్డులో ఏం జరగాలో నిర్ణయించే అధికారం అతనికుంది. నర్సుకు మొదటి రోజు నుంచీ డ్యూటీ చార్టు వేసేది, తన వాటాకు ఎంతమంది రోగులో తేల్చేది వేరొకరు. చేతిలో అధికారం లేనివాళ్ల దగ్గర మాత్రమే మాట పుచ్చుకోవడం వల్లనే ఈ ప్రమాణం ఒంటికాలి మీద నిలబడింది.

యాజమాన్యం ప్రమాణం చేసినంత మాత్రాన ఒరిగేదేమిటి, చెప్పి తప్పితే ఎవరు అడుగుతారు అన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వేదిక మీది మాట చట్టం కాదు. అయితే ఐదారు వందల మంది తల్లిదండ్రుల ముందు, వీడియో తీస్తుండగా చదివిన కాగితం ఊరికే పోదు; తర్వాత ఇంటర్వ్యూలో, కార్మిక శాఖ ముందు, పత్రికలో దాన్ని చూపించవచ్చు. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్‌లో 157 కొత్త నర్సింగ్ కాలేజీలు ప్రకటించారు. నియమాలు కొత్తగా రాసుకుంటున్న కాలమిది. ప్రతిజ్ఞ పాఠంలో విధేయత వాక్యాన్ని రోగి వైపు తిప్పడం, కాలేజీ వైపు నుంచి ఒక పేజీ ఎదురు ప్రమాణం చేర్చడం పెద్ద పని కాదు. ఆ పేజీలో పెద్ద మాటలు అక్కర్లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర అట్టిపెట్టుకోం, చదువుకునే పిల్లల్ని ఖాళీ పోస్టుల బదులు వార్డుల్లో వాడుకోం, మా ఆసుపత్రిలో ఏ షిఫ్టుకు ఎంతమంది నర్సులున్నారో గోడమీద రాసిపెడతాం, తప్పు ఎత్తిచూపిన నర్సు మీద కక్ష కట్టం. ఇంతే. ఇత్తడి కుంది, తెల్ల యూనిఫారం, చేతిలో దీపం ఎక్కడివక్కడే ఉండనివ్వండి. అబ్బాయిలకు ఎలాగూ లేని టోపీని అమ్మాయిలకూ తీసేస్తే ఇంకా హాయి.

ఈ ఏడాది ఏదో ఒక నర్సింగ్ కాలేజీ నుంచి ముఖ్య అతిథిగా పిలుపు అందుకున్న ఎమ్మెల్యేలకు, కలెక్టర్లకు, పెద్ద డాక్టర్లకు ఒక మనవి. త్యాగం మీద చేసే ప్రసంగంలో రెండు నిమిషాలు తగ్గించుకుని, దీపం వెలిగించే ముందు మైకు దగ్గరే యాజమాన్యాన్ని అడగండి: మీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఒక్కో నర్సు ఎంతమంది రోగుల్ని చూస్తోంది, ఆమెకు నెలకు ఎంత ఇస్తున్నారు? జవాబు వచ్చాకే వత్తి ముట్టించండి.