తెలుగులో రాసినంత మాత్రాన మనదైపోదు

టర్ము ముగింపు దగ్గరపడిందంటే మన బడుల్లో ప్రాజెక్టు ఫైళ్ల కాలం వచ్చినట్టే. పాపారపట్టి, పెన్నాగరం, ధర్మపురి, ఏ బజారుకు వెళ్లినా సాయంత్రం పూట బ్రౌజింగ్ సెంటర్ల దగ్గరా జిరాక్స్ షాపుల దగ్గరా పిల్లలు, తల్లిదండ్రులు నిలబడి కనిపిస్తారు. విషయం పేరు చెబితే చాలు, నాలుగు పేజీలు ప్రింటై చేతికొస్తాయి. వాటికి రంగు అట్ట, స్పైరల్ బైండింగ్, పైన పిల్లవాడి పేరు. మార్కులూ పడతాయి. లోపలి వాక్యాలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

ఆ ప్రశ్న వేయాలి. అందులోనూ భాషా మైనారిటీ బడుల వాళ్లం అందరికంటే ముందు వేయాలి. మన పిల్లలు మూడు భాషల మధ్య చదువుకుంటున్నారు. సమాచారం దొరికేది ఎక్కువగా తమిళంలో, ఇంగ్లిష్‌లో. రాయాల్సింది తెలుగులో. తమిళ పుస్తకంలోని ఒక పేరాను తెలుగులోకి మార్చుకుని రాసిన పిల్లవాడు తాను కాపీ కొట్టానని అనుకోడు. కష్టపడి మార్చాడు, తన చేత్తో రాశాడు, కాబట్టి అది తనదే అనుకుంటాడు. ఇంట్లో వాళ్లూ అలాగే అనుకుంటారు. దిద్దే టీచరుకూ అలాగే అనిపిస్తుంది. కానీ అక్కడ మారింది భాష మాత్రమే. విషయాన్ని వెతికి, సరిచూసి, ఒక వరుసలో పెట్టిన శ్రమ వేరొకరిది. వారి పేరు చెప్పకుండా మన పేరు పెట్టుకుంటే అది గ్రంథచౌర్యమే. ఇప్పుడు ఆ మార్చే కష్టం కూడా లేదు. ఫోన్‌లోని అనువాద యాప్ అరనిమిషంలో పేజీని తెలుగు చేసి ఇస్తోంది. ఏఐ అయితే అడిగిన విషయంపై వ్యాసమే రాసిచ్చేస్తోంది.

ఇందులో నష్టం ఏమిటి, చిన్నపిల్లల ప్రాజెక్టుకు ఇంత పట్టింపు ఎందుకు అని అడిగేవారున్నారు. మన జిల్లా సంగతే ఒకటి తీసుకుందాం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బెడద మనకు కొత్త కాదు. హొగేనకల్ దగ్గర కావేరి నీటిని తెచ్చి ఈ రెండు జిల్లాలకూ అందించే పథకం అందుకే వచ్చింది. జపాన్ రుణ సాయంతో చేపట్టిన ఆ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది, 2013 మే నెలలో ప్రారంభమైంది. దీని మీద ఇద్దరు పిల్లలు ప్రాజెక్టు రాశారనుకుందాం. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని ఒకరు రాశారు. ఒకటిన్నర దాకా ఉండవచ్చని మరొకరు రాశారు. ఎవరిది తప్పు?

ఆధారం రాయకపోతే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. టీచరు తనకు గుర్తున్న అంకెను బట్టి ఒకరికి మార్కు వేసి, మరొకరికి కొట్టేస్తారు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం, అంటే ఐఎస్ 10500 చూశామని పిల్లలు రాసి ఉంటే విషయం తేలిపోయేది. అందులో ఆమోదయోగ్యమైన పరిమితి 1.0 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5. ఇద్దరూ ఒకే పత్రంలో చెరో సగం చదివారు. ఆధారం రాయడం పెద్దల పట్ల మర్యాద అనే మాట నిజమే. కానీ అంతకంటే ముందు అది తప్పును పట్టుకునే దారి, నిజాన్ని సరిచూసుకునే దారి. నీళ్ల విషయంలో ఆ దారి మూసుకుపోతే దెబ్బ తగిలేది మార్కులకు కాదు, పళ్లకూ ఎముకలకూ.

పాపారపట్టి పిల్లలు తరచూ ఎంచుకునే మరో అంశం సుబ్రహ్మణ్య శివ. 1884లో వత్తలగుండులో పుట్టి, 1908లో వి.ఓ. చిదంబరం పిళ్లైతో పాటు శిక్ష అనుభవించి, జైల్లో కుష్ఠు వ్యాధి బారిన పడ్డ ఆ సమరయోధుడు 1925 జులై 23న ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన స్మారకం ఊళ్లోనే ఉంది. నడిచి వెళ్లి చూడగలిగిన చోటు గురించి కూడా ఇంటర్నెట్‌లో ఎక్కడో ఎవరో రాసిన పేరాను దించుకోవడం ఎంత వింత! స్మారకానికి వెళ్లి, అక్కడ చూసింది రాసుకుని, “ఫలానా తేదీన స్వయంగా చూసి రాసుకున్నది” అని కింద ఒక్క వాక్యం చేరిస్తే ఆ పిల్లవాడి ప్రాజెక్టుకు ఎవరి దగ్గరా దొరకని ఆధారం వచ్చినట్టే.

అయితే ప్రతి వాక్యానికీ ఆధారం రాయాలా? అక్కర్లేదు. పిల్లలకు మూడు తేడాలు తెలిస్తే చాలు.

మొదటిది, అందరికీ తెలిసిన విషయం. 1965లో సేలం జిల్లా నుంచి ధర్మపురి జిల్లా ఏర్పడిందని రాయడానికి ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. రెండోది, ఒకరి మాటలను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోవడం. అప్పుడు ఆ మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఎవరివో, ఏ పుస్తకంలో ఏ పేజీలోవో చెప్పాలి. మూడోది, ఒకరి విషయాన్ని మన మాటల్లో చెప్పడం. గుర్తులు అక్కర్లేదు కానీ పేరు మాత్రం చెప్పాలి. తమిళం నుంచో ఇంగ్లిష్ నుంచో తెలుగు చేసుకున్నది ఈ మూడో రకం కిందికే వస్తుంది. మన పిల్లలు ఎక్కువగా పొరపడేది కూడా ఇక్కడే.

“తెలుగులో పుస్తకాలే దొరకని చోట ఆధారాలు ఎక్కడి నుంచి తెమ్మంటారు?” అని కొందరు ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సరిహద్దు జిల్లాల్లో తెలుగు గ్రంథాలయం దొరకడమే గగనం. కానీ తెలుగు వ్యాసానికి తెలుగు పుస్తకమే ఆధారం కావాలన్న నియమం ఎక్కడా లేదు. తమిళ పుస్తకం పేరును తెలుగు లిపిలో రాసి, పక్కన “తమిళం, అనువాదం నాది” అని చేరిస్తే సరిపోతుంది. నిజానికి ఇది మన పిల్లలకు లోటు కాదు, బలం. మూడు భాషల్లో చదివి విషయాన్ని సరిపోల్చుకోగల శక్తి ఒక్క భాష మాత్రమే తెలిసిన పిల్లలకు ఉండదు. ఆ శక్తి ఫైల్లో కనబడాలంటే ఎక్కడ చదివారో రాయాలి. రాయకపోతే అంత శ్రమా చూచిరాత కింద జమైపోతుంది.

ఇంకో ఆధారం మన ఇళ్లలోనే ఉంది. అవ్వలు పాడే రోకటి పాటలు, తాతలు చెప్పే చెరువుల సంగతులు, ఈ ప్రాంతపు తెలుగులో మాత్రమే మిగిలిన మాటలు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకవు. వాటిని రాసేటప్పుడు చెప్పినవారి పేరు, ఊరు, వయసు, విన్న తేదీ రాయించండి. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధించి డాక్టరేట్ పొందారు. ఆ పరిశోధనకు మూలం జనం నోట పలికిన పాటలే. విశ్వవిద్యాలయం గౌరవించిన ఆధారాన్ని బడి గౌరవించకపోతే ఎలా? ఫైలు చివర తన పేరు చూసుకున్న అవ్వకు తన భాష మనవడి చదువుకు పనికొచ్చిందని తెలుస్తుంది. తెలుగు మాధ్యమం ఎందుకని ఇంట్లో చర్చ జరిగే రోజుల్లో అది చిన్న విషయం కాదు.

పేరు చెప్పడం పడమటి దేశాల నుంచి దిగుమతైన పద్ధతి అనుకునేవారూ ఉన్నారు. మన కావ్యాల మొదట్లో పూర్వకవి స్తుతి ఎందుకుందో ఆలోచించండి. తమకు దారి చూపినవారిని తలచుకున్నాకే కవులు తమ కథ మొదలుపెట్టారు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నారు. మధ్యలో మిగిలిపోయిన భాగాన్ని పూరించిన ఎర్రన దాన్ని నన్నయ పేరుతోనే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా నిలిపారు. తాను రాసినదాన్ని కూడా పెద్దవారి ఖాతాలో వేసిన సంప్రదాయం మనది. ఎదుటివారిది మన ఖాతాలో వేసుకోవడం దానికి పూర్తిగా ఎదురు.

ఇక రేపటి మాట. పదో తరగతి, ప్లస్ టూ దాటాక మన పిల్లలు ఇంగ్లిష్, తమిళ మాధ్యమ కళాశాలల్లో కలిసిపోతారు. అక్కడ పరిశోధన దాకా వెళ్లినవారిని యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు ఎదురుచూస్తుంటాయి. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా తీసుకోరు. 60 శాతం దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆధారం చూపి ఉటంకించిన భాగాలను మాత్రం ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. ఆ నిబంధనలు చౌర్యం అన్నది మాటలకే పరిమితం చేయలేదు, ఇతరుల ఆలోచనను తనదిగా చూపడాన్నీ కలిపాయి. తమిళం నుంచి తెలుగులోకి తెచ్చిన పేరా సాఫ్ట్‌వేర్ కంట పడకపోవచ్చు. అంతమాత్రాన నిబంధన మారదు. ఇరవై ఐదేళ్ల వయసులో హఠాత్తుగా నేర్చుకోమంటే కష్టమయ్యే అలవాటు ఆరో తరగతిలో ఆటలా వచ్చేస్తుంది.

కాపీరైటుకూ దీనికీ ముడిపెట్టి గాభరా పడనక్కర్లేదు. బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు పుస్తక భాగాలను నకలు తీసుకోవడాన్ని 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ మీదే ఆధారపడి తీర్పిచ్చింది. అంటే పాఠం కోసం నకలు తీసుకోవచ్చు. రాసినవారి పేరు తీసేసి మన పేరు పెట్టుకోవడానికి మాత్రం ఏ చట్టమూ అనుమతి ఇవ్వలేదు. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన పుస్తకాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. అప్పుడూ అది ఆ రచయిత పుస్తకమే.

మరి ఫైలు ఎలా ఉండాలి? పెద్ద తతంగం వద్దు. మొదటి పేజీలో శీర్షిక, విద్యార్థి పేరు, తరగతి. తర్వాత ఈ అంశం ఎందుకు ఎంచుకున్నారు, ఏం చేశారు, ఏం తెలిసింది అన్న మూడు భాగాలు. చివరి పేజీలో ఆధారాలు. పుస్తకమైతే రచయిత, పుస్తకం పేరు, ప్రచురణ సంస్థ, సంవత్సరం, పేజీ. వెబ్‌సైట్ అయితే దాని పేరు, చిరునామా, చూసిన తేదీ. మనిషి అయితే పైన చెప్పినట్టు. ఏఐ సాయం తీసుకుంటే ఆ మాటా అక్కడే రాయాలి. ఏఐ చెప్పిన పుస్తకం నిజంగా ఉందో లేదో చూడకుండా జాబితాలో చేర్చకూడదు. లేని పుస్తకాల పేర్లు కూడా అది ధీమాగా చెబుతుంది.

పేర్ల దగ్గర మనకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది: వేటూరి ప్రభాకరశాస్త్రి. ఇంగ్లిష్‌లో చివర ఉంటుంది: సి.పి. బ్రౌన్. తమిళంలో అసలు ఇంటిపేరే ఉండదు. సి.ఎన్. అన్నాదురై పేరులో ‘సి’ అంటే ఊరు కాంజీవరం, ‘ఎన్’ అంటే తండ్రి నటరాజన్. ఇంటిపేరు ముందు పెట్టాలన్న పడమటి పద్ధతిని ఈ మూడింటికీ ఒకేలా రుద్దితే గందరగోళమే. బడి స్థాయికి ఒక్క నియమం చాలు: పుస్తకం మీద పేరు ఎలా అచ్చయిందో అలాగే రాయడం. ఫైలంతా ఒకే పద్ధతి పాటించడం.

ఈ పని మొదలు కావాల్సింది మన నుంచే. మనం తరగతికి పంచే వర్క్‌షీటు, నోట్సు, వాట్సాప్ గ్రూపులో పెట్టే పాఠం ఎక్కడి నుంచి తీసుకున్నామో కింద ఒక వరుస రాద్దాం. ప్రాజెక్టుకు వేసే మార్కుల్లో కొన్ని ఆధారాల పేజీకి కేటాయిద్దాం. అట్ట అందానికి మార్కులు తగ్గిద్దాం. ఆధారం రాయని పిల్లవాణ్ణి దొంగ అనకుండా, “ఇది ఎక్కడ చదివావు నాన్నా?” అని అడిగి అక్కడికక్కడే రాయిద్దాం. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. నాలుగు పేజీలు ప్రింటు తీయించి ఇవ్వకండి. పిల్లవాడు సొంతంగా రాసిన ఒకటిన్నర పేజీ వంకరటింకరగా ఉన్నా అదే పంపండి. వీలైతే పిల్లవాడు అడిగే ప్రశ్నలకు మీరే జవాబులు చెప్పి, ఆధారాల పేజీలో మీ పేరూ రాయించుకోండి.

మైనారిటీ బడి అంటే నాణ్యతలో ఒక మెట్టు కిందే అన్న చులకన మాట మనం వింటూనే ఉన్నాం. దానికి వాదనతో జవాబు చెప్పి లాభం లేదు. మన పిల్లలు రాసిన తెలుగు ఫైలును ఎవరు ఏ పేజీ తెరిచి ఏ అంకె అడిగినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో చివరి పేజీ చూపగలగాలి. ఈ టర్ములోనే ఆ చివరి పేజీని చేర్పిద్దాం.