గృహిణీ ప్రసంగము: మూగవోయిన ఫోను

ఫోనుపై "సిమ్ము లేదు" అనియో "సేవ లేదు" అనియో కనబడినంతనే దుకాణమునకు పరుగెత్తవలదని మా సోదరీమణులకు మనవి. విమానపు గుర్తు పొరపాటున నొక్కబడినదేమో మొదట చూడవలెను; పిల్లలున్న యిండ్లలో తఱచుగా జరుగునది యిదియే. కాదేని ఫోనును ఆర్పి మరల వెలిగింపవలెను. అప్పటికిని కుదురనిచో సిమ్మును వెలికిదీసి, దాని పసిడిరేకును పొడిగుడ్డతో తుడిచి యమర్చవలెను. అర తెఱచుటకు పిన్నీసు చాలును గాని, కొన్ని ఫోనులలో ప్రక్కనే యుండు మైకు రంధ్రమున గ్రుచ్చరాదు. ఈ పొరపాటు మేమును చేసితిమి! ఆ సిమ్మునే యింటిలోని వేఱొక ఫోనులో నుంచి చూచినచో దోషమెందున్నదో తేలును.

ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి కలదు. అదే కంపెనీవారి సిమ్ముగల పొరుగింటి ఫోను చక్కగా పలుకుచుండ, మీది మాత్రము ఉన్నట్టుండి మూగవోయి పై యుపాయములకు లొంగనిచో ఉపేక్షింపరాదు. మోసగాడెవడైన మీ పేర నకలు సిమ్ము సంపాదించినపుడు మీ చేతిలోనిది పనిచేయకుండ పోవును. బ్యాంకు పంపు ఓటీపీ వానికి జేరును. అనుమానము కలిగిన తక్షణమే మఱొకరి ఫోనునుండి కంపెనీకిని, బ్యాంకునకును తెలిపి సిమ్మును, ఖాతాను నిలుపుదల చేయింపవలెను. సొమ్ము పోయినదేని 1930 నంబరునకు వెంటనే చెప్పవలెను.

"వారు ఇంటికి వచ్చిన పిదప చెప్పుదము" అని కూర్చుండుట మనలో పలువురకు అలవాటు. ఖాతా మీ పేరనున్నపుడు ఎవరి యనుమతియు నక్కఱలేదు. బ్యాంకు నంబరు కార్డు వెనుకనే ముద్రింపబడి యుండును. నేడే చూచి, వంటింటి క్యాలెండరుపై వ్రాసికొనుడు.