తప్పు పిల్లదా, పలకదా?



మా మదరసా సాయంత్రపు తరగతులకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు మమ్ములను అడిగే ప్రశ్నలలో అధికభాగం చదువును గురించినవే. 2013వ సంవత్సరంలో ఒక తండ్రి అడిగిన ప్రశ్న మాత్రం ఒక యంత్రాన్ని గురించినది. ఆయన ఆటో నడుపుకుని జీవించేవారు. ఏడవ తరగతి చదివే కుమార్తె కోసం కొన్ని నెలలు డబ్బు కూడబెట్టి, చౌకవెలకు దొరికే ఒక టాబ్లెట్ కొన్నారు. దానిని చేతిరుమాలులో చుట్టి తెచ్చి మా ముందుంచి, “హజ్రత్! ఇది సరిగా పనిచేయడం లేదని మా పాప రోజూ అంటున్నది. చదవడానికి బద్ధకించి అంటున్నదో, నిజంగానే పనిచేయడం లేదో మీరే తేల్చండి” అన్నారు.

మేము ఆ బాలికను పిలిచి, వివరమేమీ అడుగకుండానే, “మీ నాన్న కష్టాన్ని చూడు బేటీ! ఉన్నదానితో సర్దుకోవడం నేర్చుకో” అని మందలించాము. ఆమె తల వంచుకుని ఊరకున్నది. ఆ మాట తొందరపడి అన్నామని తెలుసుకోవడానికి మాకు ఒక గంటసేపు పట్టినది.

పిల్లలు వెళ్ళిపోయిన పిదప ఆ టాబ్లెట్‌ను తెరిచి మేమే కూర్చున్నాము. తెరపై వేలు ఆనిస్తే కదలిక లేదు. గోటితో గట్టిగా నొక్కితే రెండవసారికో మూడవసారికో ఒక పుట తెరుచుకునేది. తెలుగు పాఠం తెరిస్తే అక్షరాలకు బదులు వరుసగా ఖాళీ చతురస్రాలు కనిపించినవి. గంట గడిచేసరికి వెనుకభాగం వేడెక్కినది. నిండుగా ఉన్న చార్జి సగానికి దిగినది. యాభై నిమిషాల పాఠం చెప్పే మాకే ఆ గంటలో ఓపిక నశించినది. పన్నెండేళ్ళ పిల్ల దానితో నెలరోజులుగా కుస్తీ పడుతున్నది.

మరునాడు ఆమెను పిలిచి, ముందురోజు అన్న మాటను వెనక్కి తీసుకున్నాము. ఒక తెల్లకాగితం ఇచ్చి, “ఇది బాగాలేదు అని మాత్రం వ్రాయకు. ఎప్పుడు, నీవు ఏమి చేస్తే, అది ఏమి చేసినదో వారం రోజులు వ్రాయి” అని చెప్పాము. వారం తరువాత ఆ కాగితం వచ్చినది. అందులో ఐదు విషయాలున్నవి. తెర మెత్తని స్పర్శకు పలకదు. సాయంత్రం కరెంటు పోయే వేళకు చార్జి ఉండదు. రెండు పనులు ఒకేసారి తెరిస్తే యంత్రం నిలిచిపోతుంది. తెలుగు, ఉర్దూ చదవడానికి రావు. అన్నయ్య ఆటలు నింపినందువల్ల తన పాఠాలకు చోటు లేదు.

ఆ కాగితం చదువుతుండగా మాకు ‘ఆకాశ్’ గుర్తుకు వచ్చినది.

2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్ టాబ్లెట్‌ను విడుదల చేశారు. విద్యార్థులకు అతిచౌకగా ఇంటర్నెట్ పలకను అందించాలన్నది దాని ఉద్దేశము. డేటావిండ్ అనే సంస్థ దానిని రూపొందించగా, కూర్పు మన హైదరాబాదులో జరిగినది. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2100 ఎంఏహెచ్ బ్యాటరీ, ఆండ్రాయిడ్ 2.2. వెల గురించి లోకమంతా ఆశ్చర్యపోయినది. చేతికి తీసుకున్నవారు మాత్రం వేరొక మాట చెప్పారు: తెర మొండిగా ఉన్నది, చార్జి నిలువదు, పని నెమ్మది.

ఈ ఫిర్యాదులలో ప్రతిదానికీ ఒక కారణమున్నది. మొదటి ఆకాశ్ తెర ఒత్తిడిని బట్టి పనిచేసే రకము. రెండు పలుచని పొరలు సన్నని ఎడంతో ఉంటాయి; పైపొరను నొక్కినప్పుడు అది క్రింది పొరను తాకితేనే యంత్రానికి తెలుస్తుంది. అందుకే గోరు కావలసివస్తుంది. మరొక రకము తెర మన వేలిలోని స్వల్ప విద్యుత్ ప్రభావాన్ని గుర్తిస్తుంది. దానికి మెత్తని స్పర్శ చాలు. ర్యామ్ అంటే పని చేసుకునే బల్ల వంటిది. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం మూసి గాని మరొకటి తెరువలేము. ఎంఏహెచ్ అన్నది దీపంలో పట్టే నూనె కొలత.

వాడినవారి మాట వృథా పోలేదు. పథకం బాధ్యత ఐఐటీ రాజస్థాన్ నుండి ఐఐటీ బొంబాయికి మారినది. 2012 నవంబరు 11న, మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ జయంతి అయిన జాతీయ విద్యా దినోత్సవం నాడు, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్-2ను ఆవిష్కరించారు. అందులో స్పర్శకు పలికే తెర వచ్చినది. ప్రాసెసర్ 1 గిగాహెర్ట్జ్‌కు, ర్యామ్ 512 ఎంబీకి, బ్యాటరీ 3000 ఎంఏహెచ్‌కు పెరిగినవి. పదమూడు నెలలలో వచ్చిన ఈ మార్పుల పట్టికను వాడుకరుల ఫిర్యాదుల పట్టిక ప్రక్కన పెట్టి చూడండి. రెండూ దాదాపు ఒకటే. ఆ పథకం తరువాత ఎక్కువకాలం నిలువలేదు గాని, అది నేర్పిన పాఠం మాత్రం నిలిచినది.

ఇక లిపి సంగతి. ఇంగ్లీషులో అక్షరాలను ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చితే సరిపోతుంది. తెలుగులో అట్లు కాదు. ‘అమ్మ’ అని చూపాలంటే రెండవ ‘మ’ను మొదటిదానికి ఒత్తుగా మార్చి అమర్చే తెలివి యంత్రానికి ఉండాలి. ఫాంటు లేకపోతే చతురస్రాలు వస్తాయి; ఫాంటు ఉండి ఆ తెలివి లేకపోతే ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. ఉర్దూకు మరొక చిక్కు ఉన్నది. అది కుడి నుండి ఎడమకు నడుస్తుంది. మన పుస్తకాలలో కనిపించే నస్తాలీక్ లిపిలో ప్రతి మాటా ఏటవాలుగా క్రిందికి జారుతూ కూర్చుంటుంది. ఆండ్రాయిడ్ మూల వ్యవస్థలో తెలుగుకు చోటు దొరికినది 2012లో వచ్చిన 4.1తో. కుడి నుండి ఎడమకు తెర అమరిక మొత్తం మారే ఏర్పాటు అదే సంవత్సరం 4.2తో వచ్చినది. ఒకే టాబ్లెట్‌లో ఇంటిల్లిపాదికీ వేర్వేరు ఖాతాలు పెట్టుకునే సౌకర్యం కూడా 4.2లోనే వచ్చినది. గూగుల్ సంస్థ 2014లో నస్తాలీక్ ఫాంటును ఉచితంగా అందించినది. ఆకాశ్-2లో ఉన్నది ఆండ్రాయిడ్ 4.0. ఒక్క మెట్టు తేడాతో తెలుగు అందులో మూల వ్యవస్థకు వెలుపలనే ఉండిపోయినది.

ఆ బాలిక కాగితంలోని ఐదు విషయాలలో రెండు పూర్తిగా లిపికి, ఖాతాలకు సంబంధించినవి. అంటే ఆమె కోరుకున్నవి గొంతెమ్మ కోరికలు కావు. సరిగ్గా అటువంటి లోపాలనే తీర్చడానికి పెద్ద పెద్ద సంస్థల ఇంజనీర్లు ఆ రోజులలో పనిచేస్తున్నారు.

మేము ఆ కాగితాన్ని ఆమె తండ్రికి చూపాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే మా పాప అబద్ధం చెప్పలేదు, హజ్రత్” అన్నారు. తరువాత ముగ్గురమూ కూర్చుని చేయగలిగినవి చేశాము. తెర వెలుతురు తగ్గించాము. అవసరం లేనప్పుడు వైఫై ఆపివేయమన్నాము. అన్నయ్య ఆటలు తీసివేయించి, మెమరీ కార్డు వేయించాము. తెలుగు, ఉర్దూ పాఠాలను చిత్రాలుగా మార్చి అందులో నింపాము. చిత్రానికి ఫాంటుతో పని లేదు కదా. తెర మొండితనానికి మాత్రం మందు లేకపోయినది. పెన్ను మూత మొనతో నొక్కుతూ ఆమె ఆ సంవత్సరం గడిపినది.

నేటి పరిస్థితి చాలా మెరుగు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు ఐదు లక్షలకు పైగా టాబ్లెట్లు పంచినప్పుడు, ఇంటర్నెట్ లేకున్నా చూసుకునేలా పాఠాలను ముందే అందులో నింపి ఇచ్చినది. ఒకనాడు వాడుకరులు అడిగినది నేడు ఏర్పాటులో భాగమైనది. అయినప్పటికీ అడుగవలసినవి మిగిలే ఉన్నవి. బ్యాటరీ అలసిపోతే మన ఊరి మెకానిక్ మార్చగలిగేలా ఉండాలి. ఎన్ని సంవత్సరాలు సాఫ్ట్‌వేర్ నవీకరణ ఇస్తారో పెట్టెపైనే ముద్రించాలి. లేకపోతే బాగా పనిచేసే యంత్రంలోనే కొన్నేళ్ళకు కొత్త యాప్‌లు తెరుచుకోవడం మానివేస్తాయి. ఆరుబయట ఎండలో అక్షరం కనిపించాలి. చేతినుండి జారినా తెర పగలని తొడుగు ధరలోనే కలిసి రావాలి.

ఇంట్లో టాబ్లెట్ కొనేవారికి మాది ఒక మనవి. కొట్టులోనే తెలుగు పుట ఒకటి, ఉర్దూ పుట ఒకటి తెరిపించి చూడండి. రెండు యాప్‌లు ఒకేసారి నడిపించండి. బ్యాటరీ మార్చితే ఎంత అవుతుందో అడుగండి. కొన్న తరువాత పిల్లలు ఏదైనా లోపం చెబితే, కోపగించే ముందు ఒక కాగితం ఇవ్వండి. ఎప్పుడు, ఏమి చేస్తే, ఏమైనదో వ్రాయమనండి. బద్ధకించే పిల్ల ఒక్కరోజు కూడా వ్రాయదు. నిజంగా ఇబ్బంది పడుతున్న పిల్ల వారమంతా వ్రాస్తుంది. ఆ కాగితాన్ని కొట్టువానికి చూపవచ్చు, తయారీదారునికి పంపవచ్చు.

గత నెల మా తరగతిలో ఒక బాలుడు లేచి, “హజ్రత్! మా టాబ్లెట్ పాఠం మధ్యలో ఆగిపోతున్నది” అన్నాడు. ‘సర్దుకో’ అన్న మాట పాత అలవాటు కొద్దీ మా నాలుక చివరికి వచ్చినది. దానిని అక్కడే ఆపి, బల్ల సొరుగు తెరిచి, వానికి ఒక తెల్లకాగితం ఇచ్చాము.