కర్బన పన్ను: సొమ్ము తిరిగొచ్చినంత కాలమే ఊళ్ల మద్దతు

పెట్రోలు మీద, డీజిలు మీద కొత్త పన్ను వేస్తామంటే ఏ ఊరి పాలకవర్గమూ సంతోషించదు. అయితే ఆ పన్ను సొమ్మంతా తిరిగి ప్రజలకే ఇచ్చేస్తామంటే? కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఈ ప్రయోగం 2008 జులైలో మొదలై, 2025 ఏప్రిల్ 1న ముగిసింది. స్థానిక సంస్థల మద్దతు ఎప్పుడు దొరుకుతుందో, ఎప్పుడు సడలుతుందో తెలుసుకోవడానికి ఆ అనుభవం పనికివస్తుంది.

బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండితే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. భూమి వేడెక్కడానికి అది ముఖ్య కారణం. ఏ ఇంధనం నుంచి ఆ వాయువు ఎంత వస్తుందో లెక్కగట్టి వేసేదే కర్బన పన్ను. వసూలైన మొత్తానికి సరిపడా ఇతర పన్నులు తగ్గిస్తే ఖజానాకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇంధనం పొదుపు చేసినవారికి నాలుగు డబ్బులు మిగులుతాయి. దుబారా చేసినవారికి భారం పడుతుంది.

బ్రిటిష్ కొలంబియాలో టన్ను వాయువుకు 10 డాలర్లతో మొదలైన పన్ను 2012 నాటికి 30 డాలర్లకు చేరింది. పెట్రోలు లీటరుకు ఇది సుమారు 7 సెంట్లు. బదులుగా ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను తగ్గించారు. పేద కుటుంబాలకు నగదు సాయం ఇచ్చారు. సొమ్ము ఎలా తిరిగి ఇస్తున్నదీ ఆర్థిక మంత్రి ఏటా శాసనసభకు లెక్క చూపాలి. చూపకపోతే మంత్రి జీతంలో కోత పడుతుందని చట్టంలోనే రాశారు.

పురపాలక సంఘాల పేచీ

చిక్కు స్థానిక సంస్థల దగ్గర వచ్చింది. మునిసిపాలిటీ బండ్లకు డీజిలు కావాలి, భవనాలను వెచ్చబరచడానికి గ్యాసు కావాలి. కొత్త పన్ను వాటికీ తప్పదు. కానీ మునిసిపాలిటీ ఆదాయపు పన్ను కట్టదు కనుక ఆ తగ్గింపు దానికి అక్కరకు రాదు. కట్టేది ఉంది, తిరిగొచ్చేది లేదు.

ఈ లోటు తీర్చడానికి ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. వాయు కాలుష్యం తగ్గిస్తామని 2007లో రూపొందిన ఒప్పంద పత్రంపై సంతకం చేసి, ఏటా తమ పని నివేదికను ప్రజల ముందు పెట్టిన స్థానిక సంస్థకు, అది కట్టిన కర్బన పన్నంతా వాపసు ఇచ్చింది. దాదాపు అన్ని స్థానిక సంస్థలూ సంతకాలు చేశాయి.

అయినా అసంతృప్తి పూర్తిగా పోలేదు. ఉత్తర ప్రాంతంలో చలి ఎక్కువ, ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ. పెద్ద నగరంలో ఉన్నన్ని బస్సులు అక్కడ లేవు. తమపైనే భారం ఎక్కువ పడుతున్నదని అక్కడి మేయర్లు అభ్యంతరం చెప్పారు. 2011 నుంచి ఆ ప్రాంతపు ఇళ్ల యజమానులకు ఏడాదికి 200 డాలర్ల వరకు సాయం అందింది. 2014 నుంచి వ్యవసాయానికి వాడే పెట్రోలు, డీజిలుపై ఈ పన్ను ఎత్తివేశారు.

పన్ను లేకుంటే వెలువడి ఉండే వాయువులో 5 నుంచి 15 శాతం వరకు తగ్గిందని అధ్యయనాలు అంచనా వేశాయి. కాగా 2017లో వచ్చిన కొత్త ప్రభుత్వం మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలన్న నియమాన్ని తొలగించింది. 2021లో స్థానిక సంస్థలకు వాపసు పథకం ఆగిపోయింది. మరుసటి ఏడు దాని స్థానంలో వేరే నిధి వచ్చింది. పన్ను మాత్రం 2024 నాటికి 80 డాలర్లకు పెరిగింది. బంకు దగ్గర కట్టేది అందరికీ కనిపించింది, తిరిగొచ్చేది కనిపించలేదు. చివరకు సామాన్య వినియోగదారులపై పన్ను రద్దయింది. పెద్ద పరిశ్రమలపై వేరే పద్ధతిలో కొనసాగుతున్నది.

మన బొగ్గుపై సెస్సు

మన దేశంలోనూ 2010లో బొగ్గుపై టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు. 2016 నాటికి అది 400 రూపాయలైంది. సింగరేణి బొగ్గుకూ ఇది వర్తించింది. మొదట శుభ్రమైన ఇంధనాల నిధి కోసమన్నారు. 2017లో జీఎస్టీ రాకతో రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లించారు. 2025 సెప్టెంబరులో దానిని ఎత్తివేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పంచాయతీలకు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఆ సెస్సులో లేదు.

ఇటువంటి పన్ను రేపు మళ్లీ ప్రతిపాదనకు వస్తే, గ్రామసభలు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆదాయపు పన్ను తగ్గిస్తే ఉద్యోగికి మేలు. ఆ పన్ను కట్టని కూలీకి, కౌలు రైతుకు, నీళ్ల మోటార్లు, వీధి దీపాలు నడిపే పంచాయతీకి సొమ్ము ఏ దారిన తిరిగొస్తుంది? ఆ దారి చట్టంలో స్పష్టంగా ఉంటే మద్దతు ఇవ్వడానికి ఊళ్లకు అభ్యంతరం ఉండనక్కరలేదు. లేకుంటే ఎంత మంచి ఆశయమైనా బరువుగానే తోస్తుంది.