చెమట సాక్ష్యం చెబుతుందా?

చిత్తూరు పక్కనున్న కాణిపాకంలో ప్రమాణమంటే మాటలు కాదు. అప్పు ఎగ్గొట్టాడని నింద పడినవాడు కోనేట్లో మునిగి, తడి బట్టలతో వినాయకుడి ముందు నిలబడతాడు. అబద్ధమాడితే స్వామి వదలడని నమ్మకం. స్వామి సంగతి అలా ఉంచి, వెంట వచ్చిన జనం చూసేది మాత్రం ఆ మనిషి ముఖాన్నే. నుదుట చెమట కనిపిస్తే చాలు, “తప్పు చేయనోడికి అంత చెమటెందుకు పడతాది?” అంటారు. మునిగి లేచినవాడి ఒంటిమీద కోనేటి నీళ్లేవో చెమటేదో ఎలా పోల్చుకుంటారో మరి!

ఇదే తర్కాన్ని మిషనుకెక్కిస్తే పాలిగ్రాఫ్ అవుతుంది. ఊపిరి, నాడి, రక్తపోటుతో పాటు చెమట వల్ల చర్మంలో కరెంటు ప్రసారం ఎలా మారుతోందో అది నమోదు చేస్తుంది. దానికి అందేది కంగారు; అబద్ధం కాదు. మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పేసింది. రచ్చబండల దాకా ఆ తీర్పు ఇంకా రాలేదు.

నిందలూ ప్రమాణాలూ లేకుండానే రోజంతా అరచేతుల్లో చెమట ఊరేవాళ్లున్నారు. పరీక్ష హాల్లో ఓఎంఆర్ షీటు తడవకుండా చేతి కింద రుమాలు పెట్టుకోవాలి. రేషన్ షాపులో మిషను వేలిముద్ర తీసుకోదు. వేలు కొంగుకు తుడుచుకుని పెట్టాలి, మళ్లీ తుడవాలి, మళ్లీ పెట్టాలి. వెనక క్యూలో గొణుగుడు. ‘తడి చేతిలో డబ్బు నిలవదు’ అని ఒకరంటే, రాహుకేతు దోషమేమో శ్రీకాళహస్తికి పోయి రమ్మని ఇంకొకరు. తిరుమల మూలవిరాట్టుకు చెమట పడుతుందని చెప్పుకునేవాళ్లు దాన్ని మహిమంటారు. ఆడపిల్ల చేతికి పడితే దోషమట!

ఒంట్లో చెమట గ్రంథులు 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. ఇలా అరచేతులు చెమర్చేవాళ్లకు అవేమీ ఎక్కువగా ఉండవు. వాటిని నడిపే సింపథెటిక్ నరాలు అతిగా స్పందిస్తాయి, అంతే. చాలామందిలో ఇది చిన్నతనంలోనో యవ్వనంలోనో మొదలవుతుంది. తండ్రికో మేనత్తకో కూడా ఉండి ఉంటుంది. నిద్రపడితే ఆగిపోతుంది. ‘వేడి చేసింది’ అని సబ్జా గింజలు, మజ్జిగ పోస్తారు. తాగితే నష్టమేం లేదు, కానీ నరాలకు మజ్జిగ రుచి తెలియదు. చెమటను ఆపితే విషం లోపలే పేరుకుంటుందన్న భయం ఇంకొకటి. చెమటలో దాదాపు అంతా నీళ్లే, కాస్త ఉప్పు. విషాలను బయటికి పంపే పని కాలేయానిది, మూత్రపిండాలది.

తిరుపతి రుయా ఆసుపత్రిలోనే చర్మవ్యాధుల వైద్యులుంటారు. తరచూ మొదట చెప్పేది అల్యూమినియం క్లోరైడ్ మందు: రాత్రి పూర్తిగా ఆరిన చేతులకు రాసి పొద్దున్నే కడిగేయాలి. అది గ్రంథుల నోళ్లను తాత్కాలికంగా మూస్తుంది. తడి చేతికి రాస్తే మంట పుడుతుంది. దానికి లొంగకపోతే నీళ్ల తొట్టెల్లో చేతులుంచి స్వల్పంగా కరెంటు పంపే అయాంటోఫోరెసిస్. వారానికి కొన్నిసార్లు, ఓపికగా చేయాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకూ గర్భిణులకూ అది పనికిరాదు. బోటాక్స్ సూదులు కొన్ని నెలలు పనిచేస్తాయి, ఖర్చెక్కువ. గ్లైకోపైరోలేట్ లాంటి మాత్రలు నోరెండగొడతాయి. పైగా ఒళ్లంతా చెమట తగ్గిస్తాయి కనుక రేణిగుంట ఎండల్లో మే నెలలో వాటితో జాగ్రత్త. ఛాతీలో నరాన్ని కత్తిరించే ఆపరేషన్‌తో చేతులు ఆరిపోతాయి గానీ, చాలామందికి ఆ చెమట వీపుకో పొట్టకో మారుతుంది. తొందరపడి ఆపరేషన్‌కు ఒప్పుకునేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

అయితే అన్ని చెమటలూ ఒకటి కావు. చేతులకు పట్టేది నిద్రలో ఆగుతుంది. నిద్రలోనే పక్క తడిసేలా పడితే కథ వేరు: థైరాయిడ్ కావచ్చు, క్షయ కావచ్చు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం శానటోరియం వెలిసి నూరేళ్లు దాటింది. అయినా రాత్రి చెమటలకు ‘గాలి సోకింది’ అని మంత్రించి, తాయెత్తు కట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దగ్గు, బరువు తగ్గడం తోడైతే తాయెత్తుకు తిరిగే ఆ వారాల్లో రోగం ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. కఫం పరీక్షా, క్షయ మందులూ సర్కారు ఆసుపత్రిలో ఉచితం.