ఒక్క బోరు చూసి తోట వేయరాదు
కడలి గ్యాస్ నేర్పిన పాఠం

నూజివీడు: బోరు పడిన రోజున ఉబికిన నీటిని చూసి అనుభవం గల మామిడి రైతు మురిసిపోడు. మే నెల ఎండల్లోనూ మోటారు నీరు పోస్తేనే కొత్త తోటకు అంట్లు కొంటాడు. కృష్ణా-గోదావరి సముద్ర గర్భంలోని గ్యాస్ విషయంలో ఈపాటి ఓపిక కరువైంది.

కాకినాడ తీరానికి ఎదురుగా డి-6 బ్లాకులో రిలయన్స్ సంస్థ 2002లో గ్యాస్ కనుగొంది. సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ తీయవచ్చునని, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని 2006 నాటి ప్రణాళిక లెక్క కట్టింది. పెట్టుబడి అంచనా 880 కోట్ల డాలర్లు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో బ్లాకు ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, ఆపై దిగజారింది. బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి. 2012లో నిల్వల అంచనాను సుమారు 3 లక్షల కోట్ల అడుగులకు కుదించారు. ఆ రెండు ప్రధాన క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి.

భూగర్భం ఊహకు అందలేదని సంస్థ, అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించాయి. వివాదం మధ్యవర్తుల వద్దకు వెళ్లింది.

అసలు చిక్కు నేల అడుగున ఉంది. అక్కడి గ్యాస్ పురాతన కాలువల ఇసుక మేటల్లో దాగి ఉంటుంది. భూకంప తరంగాల సర్వే మేట ఎక్కడుందో చూపగలదు. ఒక మేటకు మరో మేటతో లంకె ఉన్నదీ లేనిదీ గ్యాస్ తీసి, పీడనం ఎలా తగ్గుతున్నదో చూస్తేనే తేలుతుంది.

అది తేలకముందే ఒడ్డున పెట్టుబడులు పరుగెత్తాయి. ఈ గ్యాస్‌ను నమ్ముకున్న కొండపల్లి, వేమగిరి విద్యుత్ కేంద్రాలకు ఇంధనం చాలలేదు. సామర్లకోటలో తలపెట్టిన 2,400 మెగావాట్ల కేంద్రం గ్యాస్ లేక మూలనపడింది. 2012లో రాష్ట్రమంతటా కరెంటు కోతలు విధించినప్పుడు గ్యాస్ కొరత కూడా ఒక కారణమైంది. కడలి అడుగున తప్పిన లెక్క భారం చివరకు పొలంలోని మోటారు మీద పడింది.

నిల్వ ఇంత అని ఒకే అంకె చెప్పడం సరికాదు. కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అన్నవి రెండూ ప్రజల ముందుంచాలి. విద్యుత్ కేంద్రాలకు, బ్యాంకు అప్పులకు కనీసపు అంకెనే ఆధారం చేయాలి. తొలి బావుల తీరు చూసి మలి విడతకు దిగాలి. దీనివల్ల కొంత ఆలస్యం తప్పదు. కానీ నీరు లేని తోటకు కాపలా కాయడం కన్నా, ఒక ఎండాకాలం ఆగడమే చవక.