సహిత విద్యను ఎవరు చూచుచున్నారు?

గత వేసవిలో తాడేపల్లిగూడెమున మా చెల్లెలి యింటికి పోయినపుడు, ఆమె ఇనుప బీరువాలోనుండి ఒక అట్టల దస్త్రమును తీసి నా ముందుంచినది. ఆమె కుమారునికి సంబంధించిన కాగితములు మూడేండ్లవి అందు వరుసగా కూర్చియున్నవి. ఆ బాలునకు మేధోవైకల్యము కలదు. సదరం శిబిరమున వైద్యులు పరీక్షించి, శాతము నిర్ణయించి యిచ్చిన ధ్రువపత్రము అన్నిటికంటె పైన నున్నది. దాని క్రింద, వాడు చదువుకొనుచున్న బడిలో ఏటేట తయారైన వ్యక్తిగత విద్యా ప్రణాళికలు మూడు. మొదటి యేటి ప్రణాళికలో, పెద్ద చిన్న భేదమును గుర్తించుట, పది వరకు లెక్కించుట, అడిగినపుడు తన పేరు చెప్పుట అని మూడు లక్ష్యములు వ్రాసియున్నవి. రెండవ యేటను అవియే. మూడవ యేటను అవియే. తేదీ మాత్రము మారినది. మా బావ ఆ యూరి ఉల్లి మార్కెట్టులో గుమాస్తా. సెలవుదినములలో తండ్రి వెంట అచ్చటికి పోవు ఆ బాలుడు, కర్నూలు నుండి వచ్చిన ఉల్లిపాయను, మహారాష్ట్రము నుండి వచ్చిన దానిని కంటితో చూచియే వేరుచేయును. గోనె విప్పి పోసినచో పాయల పరిమాణమును బట్టి మూడు కుప్పలు పెట్టును. ఆ పని వానికి నేర్పినవారు ముఠా కూలీలు. వానికి ఏనాడో పట్టుబడిన విద్యను బడి యింకను సాధింపవలసిన లక్ష్యముగా వ్రాయుచున్నది.

ఈ దోషమును ఉపాధ్యాయుని తలపై మోపుటకు నాకు మనసొప్పదు. ఆ కాగితమును పైవారు చూచిరి, చూచినట్లు సంతకమున్నది. ప్రణాళిక కలదా లేదా యని వారు చూచిరి గాని, అందలి మాట నిరుటిదా ఈ యేటిదా యని సరిపోల్చినవారు లేరు. బాలుని దగ్గరకు పిలిచి, రెండు వస్తువులు వాని ముందు పెట్టి పరీక్షించినవారు అసలే లేరు. వికలాంగ బాలల చదువుపై మన ప్రభుత్వము నెరపుచున్న పర్యవేక్షణకు మూలలోప మిదియే యని నేను నమ్ముచున్నాను. పట్టికలో పేరు లెక్కకు వచ్చును, ధ్రువపత్రము లెక్కకు వచ్చును, పంచిన ఉపకరణము లెక్కకు వచ్చును. బిడ్డ ఈ యేడు క్రొత్తగా నేర్చినదేమో అది లెక్కకు రాదు.

చట్టమున ఈ లోపము లేదు. 2016లో పార్లమెంటు ఆమోదింపగా 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము, 1995 నాటి చట్టము గుర్తించిన ఏడు వైకల్యములను ఇరువదియొకటి చేసెనన్న సంగతి లోకమునకు తెలిసినదే. అంతగా తెలియని సంగతి 16వ సెక్షనులో నున్నది. ప్రభుత్వము నిధులిచ్చు లేక గుర్తింపు నిచ్చు విద్యాసంస్థలు, వైకల్యము గల ప్రతి విద్యార్థి విషయమునను, వాడు బడిలో పాలుపంచుకొనుచున్న తీరును, సాధించిన స్థాయిని బట్టి వాని పురోగతిని, చదువు ముగించుటను పర్యవేక్షించునట్లు ప్రభుత్వములును స్థానిక సంస్థలును పాటుపడవలెనని ఆ సెక్షను శాసించుచున్నది. 'ప్రతి విద్యార్థి' యను మాటను చదువరులు గమనింపవలెను. జిల్లా సగటుతోను, మండలపు మొత్తముతోను తీరెడి బాధ్యత యిది కాదు. తరువాతి సెక్షను, చట్టము వచ్చిన రెండేండ్లలోపల ఒకమారును, ఆపై అయిదేండ్ల కొకమారును బడియీడు వికలాంగ బాలలను సర్వే చేసి, వారి అవసరము లేమిటో, అవి ఎంతవరకు తీరుచున్నవో కనుగొనవలె ననుచున్నది. నలుబది శాతమునకు తగ్గని వైకల్యము గల బాలలకు ఆరవ యేటి నుండి పదునెనిమిదవ యేటి వరకు ఉచిత విద్య హక్కని 31వ సెక్షను పలుకుచున్నది. ఇంత స్పష్టముగా పలికిన చట్టము చేతనుండగా, మన తనిఖీ పత్రములు మాత్రము హాజరు, అందిన సొమ్ము, పంచిన సామగ్రి యను గడులలోనే తిరుగుచున్నవి.

కేంద్ర ప్రభుత్వము ఈ బాలలను సాధారణ పాఠశాలలో చేర్చు పథకమును 1974లోనే ఆరంభించినది. సర్వశిక్షా అభియాన్ కాలమున, ఏ బిడ్డను కాదనరాదన్న నియమము వచ్చినది. 2018 నుండి అన్నియు సమగ్ర శిక్షలో కలిసినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆ క్రమములో వెలసినవే మండలముల భవిత కేంద్రములు. ఈ పేరు పెట్టినవారి హృదయము మంచిది. ఇందు పనిచేయు సహిత విద్యా రిసోర్సు ఉపాధ్యాయులు, జనులు ఐ.ఇ.ఆర్.టి.లని పిలుచువారు, సాధారణముగా మండలమున కిద్దరు. వారములో కొన్ని దినములు కేంద్రమున బోధింపవలెను. కొన్ని దినములు మండలములోని బడులు తిరుగవలెను. మంచము దిగలేని బిడ్డల యిండ్లకు పోవలెను. సదరం శిబిరమునకు తల్లిదండ్రులను తోడ్కొని పోవలెను. కాన్పూరు అలింకో సంస్థ నుండి వచ్చు మూడు చక్రముల బండ్లకు, వినికిడి యంత్రములకు కొలతలు తీయించవలెను. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున వచ్చు స్టైపెండునకు, తోడు వచ్చువారి భత్యమునకు జాబితాలు వ్రాయవలెను. ఇంత చేయుచున్నవారు ఏండ్ల తరబడి ఒప్పంద ఉద్యోగులుగానే యున్నారు. అంధత్వమునకు ఒక శిక్షణము, బధిరత్వమునకు వేరొక శిక్షణము, మేధోవైకల్యమునకు మఱియొకటి కావలసియుండగా, ఒక్క మనిషియే మండలములోని అందఱకును గురువగుచున్నాడు. అట్టివాడు ప్రణాళికను నిరుటి కాగితము చూచి ఎక్కించినచో, ఆ తప్పు వానిని అట్లు నిలిపిన వ్యవస్థది.

తాడేపల్లిగూడెము నుండి పడమటగా కొల్లేటి వైపు పోయినవారికి ఈ లోపము మఱింత కఠినముగా కనబడును. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, కోమటిలంక, శ్రీపర్రు మున్నగు ఊళ్లలో, నడవగల బిడ్డకే వానకాలమున బడి దూరమగును. తమ్మిలేరు పొంగినను, బుడమేరు పొంగినను నీరు చేరునది కొల్లేటికే. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచెత్తిన బుడమేటి నీరు దిగువకు వచ్చి లంకల దారులను ముంచినది. దోనె యెక్కి దిగి, బురదగట్టుపై నడచి పోవలసిన చోట, కాళ్లు చాలని బిడ్డకు ప్రభుత్వమిచ్చిన చక్రముల బండి గుమ్మము దాటదు. చేపల చెరువుల గట్లపై కాపలా గుడిసెలలో నుండు కుటుంబములు చెరువు మారినపుడెల్ల ఊరు మారును; వారితోపాటు బిడ్డయు మారును; పేరు మాత్రము పాత బడి పట్టికలో నిలిచియుండును. తీవ్రవైకల్యము గల బిడ్డ యింటి వద్దనే చదువుకొనవచ్చునని విద్యాహక్కు చట్టమునకు 2012లో వచ్చిన సవరణ చెప్పినది. దయతో తెచ్చిన సవరణ యది. కాని యింటి వద్ద చదువన్నది, ఇంటికి వచ్చువాడు కలిగినపుడే చదువగును. లంకలోని బిడ్డ గృహవిద్య పొందుచున్నట్లు పత్రమున వ్రాసినపుడు, ఆ యింటి గడప నెవరు తొక్కిరి, ఎన్నిమారులు తొక్కిరి, వచ్చినవారు బిడ్డ చేతికేమి పట్టించిరి యని అడుగు అధికారి ఒకడుండవలెను; ఆ యధికారి జీపు ఆగిన చోటనే ఆగిపోరాదు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినపుడు, అంతకుముందు కృష్ణా జిల్లాలో నున్న కైకలూరు, మండవల్లి మండలములు గూడ ఇందు చేరినవి గదా. పూర్వము రెండు జిల్లాల నడుమ చీలియుండిన కొల్లేరు, చాలవరకు ఒక్క కలెక్టరు చేతికి వచ్చినది. లంకల బిడ్డల కొఱకు బాధ్యతను ఒక్కచోట నిలుపుటకు ఇంతకంటె అనువైన అవకాశ మింకెప్పుడు దొరకును?

స్వచ్ఛంద సంస్థలును, వ్యక్తులును నడుపు ప్రత్యేక పాఠశాలలను గూర్చి ఒక్క మాట. వికలాంగుల సంస్థను ఎవరు నడుపదలచినను రిజిస్ట్రేషను పొందితీరవలెనని 2016 చట్టమే చెప్పుచున్నది. దరఖాస్తు వచ్చిన తొంబది దినములలో అధికారి విచారించి నిర్ణయము చెప్పవలెను. నియమములు తప్పినచో రద్దు చేయవచ్చును. త్యాగముతో నడచు సంస్థలను నేనెఱుగుదును. వానికి తనిఖీ భయము లేదు. తలుపులు మూసికొని నడచు వానికొఱకే తనిఖీ కావలెను. మాట రాని బిడ్డ తనకు జరిగినదానిని ఇంటికి వచ్చి చెప్పలేడు. వాని పక్షమున చూచు కన్ను ప్రభుత్వమునదే కావలెను.

న్యాయస్థానములు ఈ విషయమున మేలుకొన్నవి. ఉత్తరప్రదేశమునకు చెందిన ప్రత్యేక ఉపాధ్యాయులు వేసిన రజనీశ్ కుమార్ పాండే వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న తీర్పు చెప్పుచు, ప్రాథమిక స్థాయిలో పదిమంది బిడ్డలకు ఒక ప్రత్యేకోపాధ్యాయుడు, పైతరగతులలో పదునైదుగురి కొకడు ఉండవలెనని పలికెను. రాష్ట్రములు కదలకపోగా, మంజూరైన పోస్టులను ప్రకటింపుడని 2025 మార్చిలో మరల ఆజ్ఞాపించెను. ఆ మరునెలలో మన రాష్ట్రము 2,260 ప్రత్యేకోపాధ్యాయ పోస్టులను సృష్టించినది: సెకండరీ గ్రేడు 1,136, స్కూలు అసిస్టెంట్లు 1,124. ఇది అభినందనీయమైన పని. ఇన్నేండ్ల తరువాత వీరికి శాశ్వతస్థానము గల పోస్టులు పుట్టుట చిన్న సంగతి కాదు. ఐనను పోస్టు నిండుట ఒకటి, బిడ్డ నేర్చుట ఒకటి. క్రొత్తగా వచ్చు ఉపాధ్యాయుని సైతము ఆ పాత గడుల పత్రముతోనే కొలిచినచో, కొలది కాలములో అతడును గడులు నింపుటయే పనిగా నేర్చుకొనును.

పర్యవేక్షణ యెక్కువైనంత మాత్రమున మేలు జరుగునని నేను చెప్పుట లేదు. తప్పు సంఖ్యను పట్టుకొన్న పర్యవేక్షణ బిడ్డలకు కీడే చేయును. మన గోదావరి జిల్లాల వారెందఱో స్థిరపడిన టెక్సాస్ రాష్ట్రమున ఈ ఘోరము జరిగినది. వికలాంగ బాలలందఱకును విద్య చెప్పితీరవలెనని అమెరికా 1975లోనే చట్టము చేసెను. కాని 2004లో టెక్సాస్ విద్యాశాఖ, ప్రత్యేక విద్య పొందు విద్యార్థులు మొత్తములో నూటికి 8.5 మించకుండుట మంచిదని, పాఠశాలా జిల్లాలను తూచుటకు ఒక సూచికను పెట్టినది. ఆ సంఖ్య దాటినచో తనిఖీ వచ్చునన్న వెరపుతో, సాయము కావలసిన బిడ్డలను గూడ జిల్లాలు వెలుపలనే నిలిపినవి. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీనిని వెల్లడించెను. 2018 జనవరిలో అచ్చటి కేంద్ర విద్యాశాఖ ఇది చట్టవిరుద్ధమని తేల్చెను. సంపన్నదేశమున, నలుబదియేండ్ల అనుభవము గల చట్టము క్రింద జరిగిన ఈ పొరపాటు మనకు హెచ్చరిక కావలెను. అదే దేశమునుండి నేర్వదగిన మంచియు నొకటి కలదు: అచ్చట వ్యక్తిగత ప్రణాళికను వ్రాయు సమావేశమున తల్లియు తండ్రియు కూర్చుందురు, ఏటేట దానిని తిరుగవ్రాయుదురు, ఒప్పుదల లేనిచో విచారణ కోరుటకు వారికి హక్కు కలదు. మా చెల్లెలిని ప్రణాళిక వ్రాయునాడు ఎవరును పిలువలేదు. పిలిచియుండినచో ఉల్లిపాయల మూడు కుప్పల సంగతి ఆమె మొదటనే చెప్పియుండును.

కావున ఏలూరు, భీమవరము కలెక్టర్లకును, సమగ్ర శిక్ష అధికారులకును, రాష్ట్ర వికలాంగుల కమిషనరునకును నా విన్నపము క్లుప్తమైనది. ప్రతి బిడ్డ ప్రణాళికను తెలుగున, తల్లి చదువగల మాటలలో వ్రాయింపుడు. దాని ప్రతి నొకదానిని తల్లి చేతికిండు. చదువురాని తల్లికి చదివి వినిపింపుడు. క్రొత్త యేటి పత్రమునకు పాత యేటి పత్రమును జతచేయింపుడు. రెండింటను ఒకే లక్ష్యమున్నచో ఎందుచేత నిలిచిపోయెనో అచ్చటనే వ్రాయుమని కోరుడు. ఉపాధ్యాయుని దండించుటకు దీనిని వాడకుడు. ఫిజియోథెరపిస్టు రాలేదా, శిక్షణము చాలలేదా, బిడ్డకు మూర్ఛలు వచ్చెనా, దారి మునిగెనా, నిజము బయటపడనిండు. తనిఖీకి వచ్చినవారు ప్రతి బడిలో కొందఱు బిడ్డలతో గడియసేపు గడుపవలెను. గృహవిద్య పొందు బిడ్డలలో కొందఱినైన వారి యిండ్లకు పోయి చూడవలెను. లంకలకు వానకాలమున పోవలెను, ఎండకాలమున కాదు. కమిషనరు ఏటేట ప్రభుత్వమునకు నివేదిక సమర్పించవలెనని, అది శాసనసభ ముందుకు రావలెనని చట్టము చెప్పుచున్నది. ఆ నివేదికలో ఎన్ని బండ్లు పంచితిమన్న పట్టిక ప్రక్కన, ఎందఱు బిడ్డలు నిరుటికంటె ముందుకు పోయిరన్న పట్టిక యుండవలెను.

తల్లిదండ్రులకును ఒక మాట. పింఛను కొఱకు శాతమును గూర్చి అధికారులతో వాదింప నేర్చితిరి. అది మీ హక్కు, వదలకుడు. అంతే పట్టుదలతో బడికి పోయి బిడ్డ ప్రణాళిక నడుగుడు, నిరుటిదియు నడుగుడు, రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మా మేనల్లునికి ఇప్పుడు పదునొకండేండ్లు. చట్టమిచ్చిన ఉచిత విద్య పదునెనిమిదవ యేట ముగియును. వానికి మిగిలినవి ఏడేండ్లు.